ఎదురు బెడ్డు తాతకి అన్నం పెట్టాం, ఇప్పుడు ఆయన తిననంటున్నాడు. సాయం చేసేటప్పుడు దేవుని వాక్యం చెప్పాలా వద్దా?

చీరాల_అక్క | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ వందనాలు. చాలా రోజులకి రాస్తున్నా, మనసేం బాగోలేదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

మావారికి ఆటో తిరగబడి కాలు విరిగింది, పెద్దాసుపత్రిలో ఎముకల వార్డులో 11 రోజులు ఉన్నాం. దేవుని దయ వల్ల ఆపరేషన్ అయిపోయి మొన్న బుధవారం డిశ్చార్జ్ చేశారు. విషయం అది కాదు. మా ఎదురు బెడ్డులో ఒక తాత ఉన్నాడు, పల్నాడు వైపు ఊరు, తొడ ఎముక విరిగింది, కాలికి తాడు కట్టి మంచం చివర ఇసక సంచి వేలాడదీశారు, ఎటూ కదలడానికి లేదు. షుగర్ తగ్గట్లేదని ఆపరేషన్ వాయిదా మీద వాయిదా. తోడు ఎవరయ్యా అంటే మనవడు, ఎనిమిదో తరగతి పిల్లాడు, అంతే. ఆసుపత్రి భోజనం పేషెంటుకే ఇస్తారు కదా, ఆ తాత తన ప్లేటులో సగం ఆ పిల్లాడికి నెట్టేవాడు. నేను రెండో రోజు చూశా. మూడో రోజు నుంచి మా ఆడపడుచుకి చెప్పి క్యారేజీలో ఇంకో ఇద్దరికి ఎక్కువ పెట్టించా. ఏం లేదండీ, అన్నం, దోసకాయ పప్పు, మజ్జిగ. పిల్లాడు తింటుంటే తాత వాడి వంకే చూస్తూ తనది మర్చిపోయేవాడు.

నేను ప్రార్థన చేసుకునేది మావారి మంచం దగ్గరే, మెల్లగా. తాతకి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. మరి ఆదివారం సాయంత్రం మా సంఘపెద్ద ఒకాయన వచ్చారు, మావారి కోసం ప్రార్థన చేసి, చాలా మంచి మనిషి, వెళ్తూ వెళ్తూ తాత దగ్గర ఆగి బ్రెడ్ ప్యాకెట్టు ఇచ్చి, దాని మీద ఒక కరపత్రం పెట్టి, యేసయ్యని నమ్ముకో తాతా నీ కాలు బాగవుద్ది అన్నారు. తాత ఏం మాట్లాడలేదు. సోమవారం మధ్యాహ్నం నేను గిన్నె పట్టుకెళ్తే, వద్దమ్మా, మా దేవుడు మాకున్నాడు, నువ్వింతగా పెడుతుంటే ఎందుకో అనుకున్నా అన్నాడు. కోపంగా కాదు, చాలా మర్యాదగా అన్నాడు, అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. పిల్లాడు నా చేతిలో గిన్నె వంక చూసి తల దించుకున్నాడు.

నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు. నేను మొదటే చెప్పి ఉంటే ఇలా అయ్యేది కాదా? పెద్దాయన చెప్పడం తప్పా? అసలు ఏమీ చెప్పకుండా అన్నం పెడితే అది సాక్ష్యం అవుతుందా? తాత ఇంకా ఆ వార్డులోనే ఉన్నాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి, చెప్పండి.

---

సిలువ_నీడ | శుక్రవారం రాత్రి 11:20

వందనాలు అక్కా. బాధపడకండి. మీరు అన్నం పెట్టారు, అది ఎక్కడికీ పోదు. కానీ నా మనసులో మాట చెప్తా. సంఘపెద్ద గారిని తప్పు పట్టకండి. వినకపోతే ఎలా నమ్ముతారు, చెప్పేవాడు లేకపోతే ఎలా వింటారు అని పౌలు బైబిల్లో రోమా పత్రిక 10లో అడిగాడు కదా. 2009లో నేను ఆసుపత్రిలో పడి ఉన్నా, తాగుడు వల్ల లివర్ పాడై, ఇంట్లో వాళ్ళు కూడా విసిగిపోయి వదిలేశారు. ఎవరో తెలియని ఒక ముసలమ్మ నా దిండు కింద కరపత్రం పెట్టి వెళ్ళింది. రాత్రి రెండింటికి వార్డు లైటు వెలుగులో చదివా. ఆ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది, మడత పెట్టిన చోట చిరిగిపోతే టేపు వేశా. ఆమె మొహమాటపడి ఊరుకుని ఉంటే నేను ఈ రోజు ఉండేవాణ్ణి కాదు. ఒకడు తిరస్కరించాడని చెప్పడం మానేస్తే నాలాంటి వాళ్ళ సంగతేంటి?

---

నర్సక్క | శనివారం ఉదయం 6:05

నైట్ డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నా, తప్పులుంటే క్షమించాలి.

తమ్ముడూ సిలువ_నీడ, నీ సాక్ష్యం చదివి కళ్ళు తడిసినయ్. కానీ ఒక్కటి చూడు. నువ్వు ఆ కాగితం నీ ఇష్టంతో చదివావు, రాత్రి ఒంటరిగా. నీ కంచంలో అన్నంతో దానికి ముడి లేదు. ఆ తాత కదల్లేడు. కాలికి బరువు కట్టి ఉంది, లేచి బయటికి పోలేడు, ఎవరు మంచం దగ్గరికొచ్చి ఏం చెప్పినా పడుకుని వినాల్సిందే. పైగా మనవడి ఆకలి మన చేతిలో ఉంది. అలాంటి మనిషికి చెప్పే మాట ఎంత మంచిదైనా ఆయనకి అది బేరం లాగానే వినపడుద్ది. 23 ఏళ్ళ నుంచి వార్డుల్లో చూస్తున్నా. మనం ప్రేమ అనుకునేది పడుకున్న మనిషికి పైనుంచి వంగిన మొహం లాగా కనపడుద్ది.

మా ట్రైనింగ్ గుంటూరు మిషన్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ అనే లూథరన్ డాక్టరమ్మ మొదలుపెట్టిన పని అది, 1898లో ఆసుపత్రి కట్టారు. ఆడవాళ్ళు మగ డాక్టరు దగ్గరికి పోలేక ఇంట్లోనే కాన్పుల్లో చనిపోయే రోజులవి. మా మేట్రన్ అమ్మ మాకు నేర్పిన మొదటి పాఠం ప్రార్థన కాదు, బెడ్‌ప్యాన్ చలికాలం వేడినీళ్ళతో కడిగి తుడిచి పెట్టాలని, చల్లటిది పెడితే పేషెంటు ఉలిక్కిపడుద్దని. అది కూడా భక్తే అని ఆమె ఎప్పుడూ అనలేదు, చేసి చూపించింది అంతే.

---

గుండ్లకమ్మ | శనివారం ఉదయం 9:48

ఈ ప్రశ్న మన ఒంగోలు వాళ్ళకి కొత్తది కాదండీ, 150 ఏళ్ళ నాటిది. మా ఇంట్లో చెప్పుకునే సంగతి రాస్తా.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. గంజి కేంద్రాల దాకా నడవలేక దారిలోనే జనం రాలిపోయారంటారు. అప్పుడు ఒంగోల్లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఉన్నారు, 1866 నుంచి అక్కడే. ఆయన ఊరికే డబ్బులు పంచలేదు. బకింగ్‌హాం కాలవ తవ్వే పనిలో మూడు మైళ్ళ పైన కాంట్రాక్టు తీసుకున్నారు. ఎవరైనా రావచ్చు, తట్ట మోస్తే కూలి, ఆ కూలితో గింజలు. మా ముత్తాత వాళ్ళ నాయన ఆ కట్ట మీద మట్టి మోశాడట.

అసలు సంగతి ఇది. ఆ కరువు రోజుల్లో జనం గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇవ్వమని అడిగితే క్లౌ దొర ఇవ్వలేదు. నెలల తరబడి ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని. సాయం పని అయిపోయాక, ఇక మన దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు అని చెప్పాక కూడా వచ్చినవాళ్ళకే ఇచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది. అందరూ ఆ అంకె చెప్పుకుని సంతోషిస్తారు. నాకు ఆ అంకె కంటే దాని ముందు ఆగిన నెలలు గొప్పగా అనిపిస్తాయి. మిషనరీకి బాప్తిస్మం ఇవ్వకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి, ఆయన వచ్చిందే అందుకు.

---

సిలువ_నీడ | శనివారం ఉదయం 10:15

అన్నా మంచి సంగతి చెప్పారు, నాకు ఆ ఆగిన సంగతి ఇంత వివరంగా తెలీదు. కానీ అన్నం తిన్న కృతజ్ఞత మనసులో ఉండే కదా వాళ్ళు తర్వాత వచ్చింది? కాలవ గట్టు మీద బోధకులు వాక్యం చెప్పకుండా ఉన్నారా?

---

గుండ్లకమ్మ | శనివారం ఉదయం 10:52

చెప్పారు తమ్ముడూ, అబద్ధం ఎందుకు. పని మధ్యలో కూర్చున్నప్పుడు చెప్పేవాళ్ళు. కానీ వినకపోయినా కూలి ఇచ్చారు, తేడా అక్కడుంది. కృతజ్ఞత సంగతంటావా, అది ఉండే ఉంటుంది, అది పాపమేం కాదు. అయినా కరువు ముందు నుంచే వస్తున్నారు జనం. యెర్రగుంట్ల పేరయ్య గారి సంగతి విని ఉంటావు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, ఆయన బాప్తిస్మం తీసుకుంది కరువుకి పదేళ్ళ ముందు. ఊరు బయట ఉంచిన మనుషుల గడపలోకి ఒకడు వచ్చి కింద కూర్చున్నాడంటే అదే వాళ్ళకి సగం సువార్త. మా నాయనమ్మ అనేది, అన్నం ఎవరైనా పెడతారు రా, పక్కన కూచునేవాడే కావాలి అని.

---

కువైట్_నుంచి | శనివారం మధ్యాహ్నం 1:30

వందనాలు. నాది తూర్పుగోదావరి, ఇక్కడ ఇంటి పనికి వచ్చి 9 ఏళ్ళు. ఇక్కడ మాకు ఆరాధన శుక్రవారం, సెలవు దొరికితేనే. నేను పెట్టే వైపు కాదు తినే వైపు నుంచి చెప్తా. మొదటి ఏడాది రంజాన్ నెలలో మా మేడం వాళ్ళమ్మ, 80 ఏళ్ళ పెద్దావిడ, సాయంత్రం అందరూ తినేటప్పుడు నన్ను వంటింట్లోంచి పిలిచి ఖర్జూరం ముందు నా చేతిలో పెట్టింది. నేను క్రిస్టియన్ అని తెలుసు, మెడలో సిలువ కనపడుద్ది. ఒక్క మాట కూడా అడగలేదు. ఆ నెలంతా అలాగే పెట్టింది. మా అమ్మ చనిపోయినప్పుడు ఇంటికి పోలేకపోయా, ఆ పెద్దావిడ నా తల మీద చెయ్యి వేసి తన భాషలో ఏదో ప్రార్థన చేసింది, నాకు ఒక్క మాట అర్థం కాలేదు. ఒకవేళ మొదటి రోజు ఆ ఖర్జూరంతో పాటు మా మతంలోకి రా అని ఉంటే నాకు ఆ చెయ్యి తల మీద వేయించుకోవడానికి భయం వేసేది. అందుకే ఆ తాత భయం నాకు తెలుసు. ఇంటికి దూరంగా, ఒళ్ళు బాగోనప్పుడు ఉన్నది దేవుడొక్కడే, ఆయన్ని కూడా లాక్కుంటారేమో అనిపిస్తది.

---

పిడికెడు_బియ్యం | శనివారం సాయంత్రం 5:17

కువైట్ చెల్లీ నీ మాట చదివి ఇంకేం రాయాలో తెలియట్లేదు. అయినా మా సంఘంలో జరిగింది చెప్తా, ఇది కూడా తినే వైపు సంగతే.

మా ఊళ్ళో ఆడవాళ్ళం అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం, ఆదివారం గుడికి తీసుకెళ్ళి గోతంలో పోస్తాం. మిజోరంలో కూడా 1910 నుంచి ఇలాగే చేస్తున్నారట, ఆ బియ్యంతోనే పెద్ద పెద్ద పనులు నడుస్తాయట. మా దగ్గర అంత లేదు, నెలకి నాలుగైదు ఇళ్ళకి సరిపోద్ది. విధవలకి, మంచాన పడ్డవాళ్ళకి ఇచ్చేవాళ్ళం. ఒకసారి ఒక ఇంటికెళ్తే చిన్నపిల్ల, అమ్మా ఇవాళ గుడి అన్నమా అంది. ఎట్లా తెలిసిందే నీకు అంటే, సగం ఉడికి సగం పలుకుంటది కదా అంది. ఒక ఇంట్లో సోనా మసూరి, ఒక ఇంట్లో రేషన్ బియ్యం, ఒకళ్ళది పాత బియ్యం ఒకళ్ళది కొత్త, అన్నీ కలిస్తే ఏది ఎప్పుడు ఉడుకుద్దో తెలీదు. మేం అన్నేళ్ళు ఎంత సంబరంగా ఇచ్చామో, ఆ పిల్ల నోటికి అది వేరే అన్నం అని తెలిసిపోతానే ఉంది. నాకు ఆ రోజు సిగ్గుతో ముద్ద దిగలేదు.

తర్వాత నుంచి ఆ కలగలుపు బియ్యం ఇడ్లీ దోశ పిండి రుబ్బే ఆమెకి అమ్మేసి, ఆ డబ్బుతో ఒకటే రకం బియ్యం బస్తా కొని ఇస్తున్నాం. తక్కువ పడితే మేమే వేస్తాం. బైబిల్లో రూతు అనే పేద విధవ పరిగె ఏరుకుంటుంటే ఆ పొలం ఆసామి బోయజు కూడా పనివాళ్ళతో ఏం చెప్పాడు, ఆమె కోసం పనలు కొంచెం కావాలనే జారవిడవండి, ఆమెని గద్దించొద్దు అన్నాడు కదా. ఆమె పరిగె ఏరుకున్నట్టే ఉండాలి, అడుక్కున్నట్టు ఉండకూడదు.

---

ఇందూరు_మిత్రుడు | శనివారం రాత్రి 8:40

నేను హిందువుని, నిజామాబాద్. ఈ వేదికలో చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. చెప్పొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నా.

మా దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి ఉంది, వందేళ్ళు దాటింది. ఇసబెల్ కెర్ అని మెథడిస్టు మిషన్ డాక్టరమ్మ కట్టించింది. దానికి పెద్ద ఎత్తున డబ్బిచ్చినాయన రాజా నర్సాగౌడ్, ఆయన హిందువే. ఆమె తన మతం దాచలేదు, ఆయన తన మతం వదల్లేదు. మా తాత చిన్నప్పుడు చూసిండట, రోగులని ఎవరూ దగ్గరికి రానియ్యని కాలంల అక్కడ పుండ్లు కడిగి కట్లు కట్టేటోళ్ళని. మా ఇంట్ల ఇప్పటికీ ఆ ఆసుపత్రి పేరెత్తితే గౌరవంతోనే మాట్లాడుతరు.

అక్కా, మీ తాత మీ అన్నం మీద కోపంతో వద్దనలేదు. ఆయనకి తిరిగి ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు, ఆ కరపత్రం చూసి ఓహో వీళ్ళకి కావాల్సింది ఇదా అనుకున్నడు, అది ఇయ్యలేనని చెప్పిండు. అప్పు ఉంచుకోని మనిషి. మా నాయన కూడా అట్లనే ఉండేటోడు.

---

నర్సక్క | శనివారం రాత్రి 9:25

ఇందూరు అన్న చెప్పిందే నిజం. అక్కా ఒక మాట చెప్తా, నచ్చితే చెయ్యి. ఈసారి గిన్నెతో పోవద్దు. ఏదన్నా అడగడానికి పో.

యోహాను సువార్త 4 గుర్తుందా. సమరయ స్త్రీ దగ్గర యేసయ్య మొదలుపెట్టింది ఇవ్వడంతో కాదు. దాహమేస్తుంది, నీళ్ళివ్వు అన్నాడు. ఆమె కులం వాళ్ళ చేతి నీళ్ళు యూదులు ముట్టరు, అలాంటి చోట ఈయన చెయ్యి చాపాడు. అంతసేపు బావి దగ్గర మాట నడిచిందంటే ముందు ఆయన అడిగేవాడయ్యాడు గనకే. మనం ఎప్పుడూ మంచి సమరయుడి కథే చెప్పుకుంటాం, దారిలో దెబ్బలు తిని పడున్నవాడికి నూనె పోశాడు, కట్టు కట్టాడు, పూటకూళ్ళ ఇంట్లో రెండు దేనారాలు ఇచ్చాడు అని, మనం ఇచ్చేవాళ్ళం కాబట్టి ఆ కథ మనకి సుఖంగా ఉంటుంది. తాత దగ్గర ఏం ఉందో చూడు. ఏదో ఒకటి ఉంటది, లేని మనిషి ఉండడు.

---

సిలువ_నీడ | శనివారం రాత్రి 11:58

నర్సక్కా, పొద్దున నుంచి మీ మాటే తిరుగుతోంది, పడుకున్న మనిషికి పైనుంచి వంగిన మొహం అన్నది. నాకు కరపత్రం పెట్టిన ముసలమ్మ సంగతి మొత్తం రాయలేదు నేను. ఆమె మా వార్డులో కొడుకు కోసం ఉన్న మనిషి. నాలుగు రోజులు నా వాంతులు ఎత్తి పోసింది, వార్డు ఆయా రాకపోతే. ఒక్క మాట చెప్పలేదు. కొడుకు చనిపోయాక, వెళ్ళిపోయే రోజు, నేను నిద్రపోతున్నప్పుడు దిండు కింద పెట్టి వెళ్ళింది. నేను ఎప్పుడూ సాక్ష్యంలో కాగితం దగ్గర నుంచే మొదలుపెడతా. ఆ నాలుగు రోజులు చెప్పను. ఎందుకో తెలీదు.

ఇంకేం రాయలేను ఇవాళ.

---

చీరాల_అక్క | సోమవారం రాత్రి 9:10

అందరికీ చాలా చాలా వందనాలు. నిన్న ఆరాధన అయ్యాక సంఘపెద్ద గారితో కూడా మాట్లాడా. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, నాకు ఆయన మంచం మీదున్నాడన్న ఆలోచనే రాలేదమ్మా అన్నారు. ఆయన కూడా బాధపడ్డారు.

ఇవాళ మావారి కాగితాలు తీసుకోవడానికి ఎలాగూ పోవాలి, నర్సక్క చెప్పినట్టు వట్టి చేతుల్తో వార్డులోకి వెళ్ళా. తాత నన్ను చూసి మీ ఆయనెట్టున్నాడమ్మా అన్నాడు ముందు. బాగున్నాడు తాతా అన్నా. ఏం అడగాలో తెలీక నిలబడ్డా. ఆయన కౌలుకి మిరప వేస్తాడని మొదట్లో పిల్లాడు చెప్పాడు, అది గుర్తొచ్చింది. తాతా, మా డాబా మీద పెయింటు బకెట్లలో నాలుగు మిరప మొక్కలు పెట్టా, ఆకులన్నీ ముడుచుకుపోతున్నాయి ఏం చెయ్యమంటావు అని అడిగా. నిజంగానే ముడుచుకుపోతున్నాయండీ, నాటకం కాదు.

తాత మొహం మారిపోయింది. ముడత పైకా కిందకా అన్నాడు. నాకు తెలీదన్నా. తెలీకపోతే ఎట్లా, పైకయితే తామర పురుగు, కిందకయితే నల్లి, మందు వేరు అన్నాడు. అప్పటికప్పుడు మా అమ్మాయికి వీడియో కాల్ చేయించి డాబా ఎక్కించాడు. ఫోను తన చేతిలోకి తీసుకుని, ఆకు తిప్పమ్మా, ఇంకొంచెం దగ్గరగా పెట్టు, ఆ లేత చిగురు చూపించు అంటూ. పైకి దోనెలా ముడుచుకుంది. వేప నూనె కొట్టమన్నాడు, నీలం జిగురు అట్టలు కట్టమన్నాడు, ఎండ పూట కాదు సాయంత్రం కొట్టాలి అని రెండుసార్లు చెప్పాడు. తర్వాత 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా పోయి మూడెకరాలు దున్నేసిన సంగతి చెప్పాడు. ఆ అప్పే ఇంకా ఉందట. పిల్లాడి నాన్న హైదరాబాదు బిల్డింగ్ పనికి పోయింది అందుకేనట. ఇన్ని రోజులు అన్నం పెట్టా గానీ ఇవేవీ నాకు తెలీవు.

లేవబోతుంటే, క్యారేజీ తేలేదా ఇవాళ అన్నాడు. లేదు తాతా అన్నా. రేపు తెస్తే ఆ దోసకాయ పప్పు తే, వీడికి ఇష్టం అన్నాడు. పిల్లాడు నవ్వాడు.

షుగర్ తగ్గిందట, గురువారం ఆపరేషన్ అన్నారు. రెండు యూనిట్లు రక్తం కావాలంటున్నారు, బ్లడ్ బ్యాంకులో బదులు ఎవరైనా ఇవ్వాలంట. తాతది బి పాజిటివ్. మా ఇంట్లో అందరం ఇచ్చే స్థితిలో లేం. ప్రార్థించండి.

---

నర్సక్క | సోమవారం రాత్రి 9:31

అక్కా బదులు రక్తం ఏ గ్రూపైనా తీసుకుంటారు చాలా చోట్ల, అడుగు. ఇచ్చేవాళ్ళు పొద్దున టిఫిన్ తినే రావాలి, ఖాళీ కడుపుతో వద్దు. నేను నా డ్యూటీ మార్చుకోవడం కుదురుద్దేమో చూస్తా.

---

సిలువ_నీడ | సోమవారం రాత్రి 9:44

తాగుడు మానేసి ఇన్నేళ్ళయింది గానీ ఆ లివర్ జబ్బు వల్ల నా రక్తం తీసుకోరు, ఒకసారి అడిగి చూశా. మా తమ్ముడిది బి పాజిటివ్, వాడు వస్తానన్నాడు. బుధవారం పొద్దున ఒంగోలులో రైలు ఎక్కించి నేనే తీసుకొస్తా. వాడు రక్తం ఇచ్చేసి పనికి వెళ్ళిపోతాడు, నాకు షాపు సెలవు, గురువారం సాయంత్రం దాకా ఉంటా. ఆపరేషన్ టైముకి ఆ పిల్లాడు ఒక్కడే బయట కూర్చోకూడదు. వార్డు నంబరు నాకు విడిగా పెట్టండి అక్కా.